చేతుల కుండమార్పిడి

ఒకే సందులో ఎదురెదురుగా రెండు మిర్చిబజ్జీ బండ్లు ఉన్నాయనుకోండి. ఈయన తన బజ్జీలు ఆయనకి అమ్మాలని చూస్తాడు, ఆయన తన బజ్జీలు ఈయనకి అమ్మాలని చూస్తాడు. ఇద్దరి నూనే కాగుతుంది, ఇద్దరి కడుపూ కాలుతుంది, బజ్జీ మాత్రం బండి దిగదు. మన దేశమూ వియత్నామూ పదేళ్లపాటు సరిగ్గా ఇలాగే నిలబడ్డాయి. ఇద్దరమూ పైదేశాలకి అమ్మడానికే కార్ఖానాలు కట్టుకున్నవాళ్లం. మనం లేత్ మిషన్లు చేస్తే వాళ్లూ చేశారు. వాళ్లు కెమెరా అద్దాలు చేస్తే మనమూ మొదలెట్టాం. ఎగుమతిలో మతి ఉంది, దిగుమతిలోనూ మతి ఉంది. రెండు దేశాల్లోనూ కరువైన సరుకు అదొక్కటే.

చివరికి ఎవరికో తట్టింది. సరుకు మారకపోతే పోనీ, సరుకు చేసే చేతుల్నే మార్చుకుందాం!

కంగారు పడకండి. చేతులు నరికి ఓడ ఎక్కించలేదు. పని తెలిసిన మనిషి మోచేతి దాకా ఒక తొడుగు వేసుకుని తొంభై రోజులు తన పని తాను చేసుకుంటాడు. మెదడు వేళ్లతో చెప్పే రహస్యాలన్నీ ఆ తొడుగు చాటుగా వింటుంది. విన్నదంతా ఒక కడియంలో నింపి, సముద్రానికి అవతల ఇంకో మనిషి మణికట్టుకి తొడుగుతారు. కడియం ఆ రహస్యాలే ఈ వేళ్లకి నూరిపోస్తుంది. నలభై రోజుల్లో చెయ్యి పని నేర్చేస్తుంది. కడియం తీసేస్తే మరో నలభై రోజుల్లో మరిచిపోతుంది. ఎక్కడానికీ దిగడానికీ ఒక్కొక్క మండలం.

ప్రభుత్వాలు దీనికి కరవాణిజ్యం అని పేరుపెట్టి, కరం మీద కరం వెయ్యబోమని కూడా ప్రకటించాయి. ఇటు ఒక ఇంటినీ అటు ఒక ఇంటినీ జత కలుపుతారు. ప్రతి ఇల్లూ ఒక చెయ్యి ఇస్తుంది, ఒక చెయ్యి పుచ్చుకుంటుంది. ఇచ్చిన కడియంలో లోపమని తేలితే, పుచ్చుకున్న కడియం కూడా వెనక్కి ఇచ్చెయ్యాలి. అది పదకొండో నిబంధన. పెద్దలు దీన్నంతా ద్వైపాక్షికం అన్నారు గానీ, బాలానగర్ సందుల్లో మొదటి రోజే అసలు పేరు పెట్టేశారు: కుండమార్పిడి. మీ పిల్ల మాకు, మా పిల్ల మీకు. ఒక కాపురం కూలితే రెండోదీ కూలుతుంది.

నా పేరు పినాకపాణి. పేరులో పాణి, బతుకంతా పని. బాలానగర్ కరవాణిజ్య కేంద్రంలో నాది వడపోత ఉద్యోగం. అంటే తొడుగు విన్నదాంట్లో పనికొచ్చేది ఉంచి, పనికిరానిది తీసెయ్యడం. తొడుగుకి విచక్షణ ఉండదు కదా! గోక్కున్నా పనే అనుకుంటుంది.

మాకు దొరికిన మొదటి గొప్ప చెయ్యి భూమాచారిది. అరవై రెండేళ్ల మనిషి. లేత్ మిషన్ కింద ఉండే పోత ఇనుప పీఠాన్ని యంత్రం ఎంత నున్నగా చెక్కినా, వెంట్రుకలో వందోవంతు ఎత్తుపల్లాలు మిగిలిపోతాయి. అవి తీసేది మనిషి చెయ్యే. భూమాచారి పొద్దున్నే రేకుల షెడ్డులోకి వచ్చి, చొక్కా విప్పి మేకుకి తగిలించి, గీకే స్క్రేపర్ తీసి కళ్లకద్దుకుని, ఇనుము ముందు కూర్చునేవాడు. సాపుగా ఉన్న పలకకి నీలం రంగు పూసి ఆ పీఠం మీద రుద్దుతాడు. ఎత్తుగా ఉన్నచోటల్లా నీలం అంటుతుంది. అంటినచోటల్లా చిన్నచిన్నగా గీకేస్తాడు. మళ్లీ నీలం, మళ్లీ గీకుడు. చీర మీద బుటాల్లా చుక్కలు సమంగా పడేదాకా.

"తొడుగు బిగుతుగా ఉందా చారిగారూ?" అన్నాను మొదటి రోజు.

"బిగుతేం లేదు సారూ. గని, అవతల నేర్సుకునేటోడు తప్పు చేస్తే ఎట్ల తిట్టాలె?"

"తిట్టక్కర్లేదండీ. తప్పు చెయ్యడు. చేతికి చెయ్యే గురువు."

"తిట్టకుండ పని వస్తదా?" అని నవ్వి, ఆయన తన స్క్రేపర్ నా చేతిలో పెట్టాడు. పాత ఆకురాయిని సానబెట్టి చేసుకున్నది. తుమ్మకర్ర పిడి, నలభై ఏళ్ల చెమటకి నల్లబడి, ఆయన అరచేతికి అచ్చు పోసినట్టుంది.

మధ్యాహ్నం ఆయన కూతురు స్వరూప టిఫిన్ డబ్బా తెచ్చింది. రెండు సందుల అవతల పవర్ ప్రెస్సు మీద రేకులు కొట్టే పని ఆమెది. ముప్పై ఆరేళ్లు. తండ్రి చేతికున్న తొడుగుని కాసేపు చూసింది.

"బాపూ, నాకు నేర్పమంటే ఇరవై ఏండ్ల సంది రేపు రేపంటివి. గిప్పుడు మూడు నెల్లల్ల పరదేశపోనికి నేర్పుతున్నవా?"

"ఆడిపిల్లవు, నీకెందుకే గీ ఇనుము పని?"

"ఆఁ, పవర్ ప్రెస్సు మీద పూలు గుచ్చుతున్న గద నేను!"

భూమాచారి ముద్ద నోట్లో పెట్టుకుని వినపడనట్టు కూర్చున్నాడు. ఇంటి గడప దాటని విద్య సముద్రం దాటబోతోందని నేనొక చమత్కారం విసిరాను. స్వరూప నవ్వలేదు. నేనే నవ్వి ఊరుకున్నాను.

తొంభై రోజుల రికార్డు నా బల్ల మీదికి వచ్చింది. రెండు నెలలు వడపోశాను. దగ్గులు తీసేశాను. దోమల్ని కొట్టిన దెబ్బలు తీసేశాను. మెడ మీద తుడుచుకున్న చెమటా, లుంగీ బిగించుకోవడం, బీడీ బూడిద రాల్చడం, అన్నీ తీసేశాను. మిగిలింది మేలిమి బంగారం అనుకున్నాను.

ఆ కడియం హైఫాంగ్ రేవు పట్నంలో థాంగ్ అనే కుర్రవాడి చేతికి చేరింది. ఇరవై తొమ్మిదేళ్లవాడు, మిషన్ షెడ్డులో కూలీ. అతనికి బాగా అబ్బిందని తేలాక, అదే షెడ్డులో మరో పదకొండు మందికి నకళ్లు తొడిగారు. బదులుగా థాంగ్ అక్క లియెన్ చేతి నుంచి కెమెరా అద్దాలు మెరుగుపెట్టే పనితనం స్వరూప మణికట్టుకి వచ్చింది. ఆమెతోబాటు ఇంకో పదకొండు మందికి. స్వరూప పవర్ ప్రెస్సు వదిలేసి జీడిమెట్లలో అద్దాల కార్ఖానాలో చేరింది. రెండు నెలలు తిరిగేసరికి అక్కడ సూపర్‌వైజర్లే ఆమెను అడిగి పని చేసే స్థితికి వచ్చారు.

జత కలిసిన ఇళ్లకి ఆదివారం ఆదివారం తెర మీద మాట్లాడుకునే ఏర్పాటుంది. మధ్యలో అనువాదయంత్రం. ఫతేనగర్‌లో భూమాచారి ఇంటికి నేనూ ఓ ఆదివారం వెళ్లాను. తెరలో లియెన్ వెనక కిటికీ, కిటికీ నిండా ఎర్రగా పూసిన తురాయి చెట్టు.

"గిది మన చెట్టే గద!" అన్నాడు భూమాచారి.

"మా ఊరి చెట్టే పెద్దనాన్నా," అంది లియెన్. "మీ దగ్గరికి ఎప్పుడొచ్చింది?"

థాంగ్ మధ్యలో దూరాడు. "పెద్దనాన్నా, మీ చెయ్యి చాలా కోపిష్టిది. నేను తొందరపడితే ఆగిపోతుంది."

"ఆగాలె! తొందరపడితే ఇనుము ఊకుంటదా?" భూమాచారి మొహం వెలిగిపోయింది. శిష్యుణ్ణి తిట్టే అవకాశం ఇన్నాళ్లకి దొరికింది పాపం.

స్వరూప లియెన్‌తో వేరే ముచ్చట పెట్టింది. "అక్కా, ఒక్కొక్క అద్దం అయినంక నా ఉంగరపు వేలు బల్ల మీద రెండుసార్లు తడుతున్నది. నేను తట్టుత లేను, అదే తడుతున్నది. ఏంది గది?"

లియెన్ తన వేలికేసి చూసుకుని సిగ్గుపడింది. "మా అమ్మ అలవాటు. ఇక చాలు అని చేతికి చెప్పడం. చెప్పకపోతే చెయ్యి ఆగదు, అద్దం అరిగిపోతుంది. అది కూడా వచ్చేసిందా? నేను తడతానని నాకే తెలీదు."

అందరం నవ్వాం. అవతల వడపోసినవాడు నిద్రపోయాడని నేనొక జోకు కూడా వేశాను. ఆ జోకు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కడియాలు తొడిగిన ఏడో నెల మొదట్లో, ఒక మంగళవారం పొద్దున, మా డైరెక్టర్ కౌముదిగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. తెర మీద నలభై సెకన్ల వీడియో. థాంగ్ షెడ్డులోకి వస్తాడు. గోడకున్న స్క్రేపర్ తీస్తాడు. చెయ్యి పైకి లేస్తుంది. అంతే, కూలబడిపోతాడు. శబ్దం లేదు. లేనందుకు బతికిపోయాను.

"ఎడమ కన్ను పోయింది," అన్నారు కౌముదిగారు. "వాళ్ల స్క్రేపర్లకి పిడి ఉండదు. రెండు కొసలా పదునే. ఒకటి మొద్దుబారితే తిప్పి రెండోది వాడతారు. అజాగ్రత్తగా ఎత్తాడని వాళ్ల కంపెనీ రాస్తోంది. మనమూ అదే రాద్దాం."

"ముందు కారణం చూడనివ్వండి మేడమ్."

"సాయంత్రం దాకా చూడండి పాణిగారూ. రెండువందల నలభై జతలున్నాయి. ఒకదాన్ని కదిపితే అన్నీ ఊగుతాయి."

ఆ వీడియో పదిసార్లు చూశాను. చెయ్యి వణకలేదు, జారలేదు. ఎంతో నెమ్మదిగా, ఎంతో శ్రద్ధగా లేచింది. అజాగ్రత్త మాత్రం కాదు. మరేమిటో నాకు అంతు చిక్కలేదు. భూమాచారిని పిలిపించాను.

ఆయన ఒక్కసారే చూశాడు.

"దండం పెట్టిండు సారూ."

"ఏమిటి?"

"పనిముట్టుకు దండం పెట్టిండు. గది నేనే. స్క్రేపర్ ఎత్తినప్పుడల్ల పిడి కళ్లకు అద్దుకుంట గద నేను. వానికి పిడి లేకపాయె."

నా చేతిలోంచి కాగితాలు జారి కిందపడ్డాయి. ఒకటి కాలికి తగిలింది. వంగి తీసి, కళ్లకద్దుకుని బల్ల మీద పెట్టాను. పెట్టాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. రెండు నెలలపాటు దగ్గులూ దోమలూ ఏరి పారేసినవాణ్ణి. రోజుకి వందసార్లు జరిగిన ఈ ఒక్కటీ నా కంటికి ఆనలేదు. ఎందుకానుతుంది? అందరమూ చేసేదే. ఊపిరిని ఎవడైనా వడపోస్తాడా?

ఆ ఒక్క కదలికనీ కత్తిరించి చూశాను. ప్రయోగశాలలో పరీక్షల కోసం ఒక ఇనుప చెయ్యి ఉంటుంది. దానికి కడియం తొడిగితే, పీఠం మీద గాట్లు పడేలా పొడిచేసింది. చెయ్యి పైకి లేచి దిగే ఆ క్షణంలోనే భూమాచారి మణికట్టు సడలుతుంది; సడలకపోతే గీకుడు పొడుపవుతుంది. నలభై ఏళ్లలో దండమూ పనీ ఒకటే నరమైపోయాయి. విడదీస్తే రెండూ చచ్చాయి.

మళ్లీ కౌముదిగారి గదికి వెళ్లాను. "కర్ర పిడులు వేయిస్తే చాలు మేడమ్. ఇవాళే."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎందుకు వేయించాలో చెప్పాలి కదా? చెబితే లోపం కడియానిదే అవుతుంది. కడియం వెనక్కి వస్తుంది. పదకొండో నిబంధన మీకు తెలుసు. జీడిమెట్లలో పన్నెండు మంది ఆడవాళ్లు అద్దాల పని వదిలి పోవాలి. ఒక నెల ఆగండి. ఇంకేదో కారణం చూపించి పిడులు వేయిద్దాం."

"ఆ నెలలో పదకొండు మంది రోజుకి వందసార్లు కళ్లకద్దుకుంటారు."

"థాంగ్ కూడా ఆర్నెల్లు అద్దుకున్నాడు. ఒక్కసారే తప్పింది."

ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆ మాట అన్నాక నాకేసి చూడలేకపోయారు.

భూమాచారి బయట బెంచీ మీద కూర్చుని అంతా విన్నాడు. తలుపు మా కేంద్రం తలుపే, గుట్టు దాచదు. "ఇంటికి పోదాం పా సారూ," అన్నాడు. "బువ్వ నా బిడ్డది. దాన్ని అడగాలె."

ఆ రోజు స్వరూపకి సెలవు. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తండ్రి నిలబడే చెప్పాడు. ఏమీ దాచలేదు. ఆమె చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది.

"థాంగ్ తమ్ముడు ఎట్లున్నడు?"

"ప్రాణానికి భయం లేదట," అన్నాను.

"లియెన్ అక్క?"

"వాళ్ల తమ్ముడు అజాగ్రత్త మనిషి కాదని కంపెనీ గేటు దగ్గర నిలబడిందట. లోపలికి రానివ్వలేదు."

స్వరూప తన కుడిచెయ్యి ముందుకు చాపి చూసుకుంది. తర్వాత తండ్రికేసి తిరిగింది.

"నాకు నేర్పితే ఏమైతుండె బాపూ? పిడి లేని స్క్రేపర్ నేను పట్టుకుంటే నువ్వు ఊకుంటుంటివా? షెడ్డంత ఎగిరిపోయెటట్టు ఒక్క అరుపు అరుస్తుంటివి. వానికి అరిసెటోడు ఎవడున్నడు?"

భూమాచారి మెల్లగా గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు.

"నీ చేతిపని పోతదే బిడ్డా," అన్నాడు చివరికి. "మళ్ల ప్రెస్సుకే పోవాలె."

"ఎరుకే." ఆమె చిక్కుడుకాయ గిన్నెలో వేసింది. "నేను అద్దం తుడిసిన ప్రతిసారి గా పిల్లగాడి కన్ను కనపడుతుంటే, గది పనేనా? ఫోన్ చెయ్యి సారూ."

హైఫాంగ్ షెడ్డు మేస్త్రీకి నేరుగా ఫోన్ చేశాను. చెయ్యకూడదు. చేశాను. తెర మీద మేస్త్రీ, ఆయన వెనక పదకొండు మంది. నేను చెప్పింది విని వాళ్లు అయోమయంగా చూశారు. కళ్లకద్దుకోవడం అంటే మా అనువాదయంత్రం కళ్లకి అంటించుకోవడం అని చెప్పిందట. మూడుసార్లు మార్చి చెప్పాను. లాభం లేదు.

భూమాచారి నన్ను పక్కకి జరిపాడు. "పెన్సిళ్లు ఉన్నయా వాళ్ల తాన? తలా ఒకటి ఇయ్యమను. పట్టుకుని పనికి కూసున్నట్టు కూసోమను."

మేస్త్రీ పెన్సిళ్లు పంచాడు. పదకొండు మందీ తీసుకున్నారు. పదకొండు చేతులు, ఒక్క తాళం తప్పకుండా, నెమ్మదిగా పైకి లేచాయి. పదకొండు పెన్సిళ్లు కనురెప్పల్ని తాకి దిగాయి. ఇటు గుమ్మంలో భూమాచారి వట్టి చెయ్యి కూడా లేచింది.

మేస్త్రీ వెనక్కి తిరిగి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, కడియాలు తనే విప్పాడు.

ఆ తర్వాతంతా కాగితాల పని. థాంగ్ మీద రాసిన అజాగ్రత్త అన్న మాట కొట్టేశారు. భూమాచారి కడియాన్ని లోపభూయిష్టం అన్నారు. పదకొండో నిబంధన తన పని తాను చేసుకుపోయింది. వడపోత చేసేవాణ్ణి నన్నూ వడపోసి బయట పారేశారు. అందులో అన్యాయమేమీ లేదు.

స్వరూప కడియం ఇచ్చేశాక కూడా అద్దాల కార్ఖానాకి వెళ్లింది. చెయ్యి గుర్తున్నన్నాళ్లు చేస్తానంది. ఇరవై ఆరో రోజున మొదటి గీత పడింది. ఆ అద్దాన్ని వెలుగుకి పెట్టి చూసుకుని, బల్ల తుడిచి ఇంటికొచ్చేసింది. అద్దాల పని పోయిన మిగతా పదకొండు మందిలో ఇద్దరు ఆమెతో మాట్లాడడం మానేశారు.

భూమాచారి తుమ్మకర్రతో ఒక పిడి చెక్కి థాంగ్‌కి పంపాడు. సరుకు వివరం రాయమంటే ఏం రాయాలో ఆయనకి తెలియలేదు. చేతికర్ర అని నేనే రాశాను. రెండు నెలలకి లియెన్ నుంచి ఉత్తరం వచ్చింది. అనువాదం చేయించి నేనే చదివి వినిపించాను.

'పెద్దనాన్నా, తమ్ముడు మళ్లీ షెడ్డుకి వెళ్తున్నాడు. కడియం లేకుండా, మొదటి నుంచి నేర్చుకుంటున్నాడు. చాలా నెమ్మది. మీ చెయ్యి వాడి చేతిలోంచి పూర్తిగా వెళ్లిపోయింది. కానీ పొద్దున్నే పిడి కళ్లకి తాకించి మొదలుపెడతాడు. చెయ్యి దానంతటదే చేస్తోందా, నువ్వే చేస్తున్నావా అని అడిగాను. ఇప్పుడు నేనే చేస్తున్నాను అన్నాడు.'

భూమాచారి మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

మర్నాడు పొద్దున నేను షెడ్డుకి వెళ్లేసరికి, పీఠం ముందు రెండు పీటలు వేసున్నాయి. ఒకదాని మీద స్వరూప. పవర్ ప్రెస్సుకి ఆ పూట నాగా పెట్టింది. ఇనుము మీద నీలం చుక్కలు. భూమాచారి తన స్క్రేపర్ ఆమె చేతికిచ్చి, పక్కన కూర్చుని ఎదురుచూశాడు. దేనికోసం ఎదురుచూస్తున్నాడో నాకు తెలుసు.

స్వరూప కళ్లకి అద్దుకోలేదు. ఉంగరపు వేలితో ఇనుము మీద రెండుసార్లు తట్టింది.

ఆయన నోరు తెరిచాడు. మూసుకున్నాడు. "కానియ్ బిడ్డా," అన్నాడు.

ఆమె వంగి గీకింది. స్క్రేపర్ కసుక్కున దిగి, నున్నని ఇనుము మీద ఇంత గాడి పడింది. భూమాచారి పీట మీంచి ఎగిరి నిలబడ్డాడు.

"గట్లనా పట్టేది! సిగ్గులేదా? పిడి కడుపులకు ఆనాలె! గోడలకు సున్నం గీకుతున్నవా? ఎవడు నేర్పిండే నీకు?"

రేకులు అదిరాయి. పక్క షెడ్లో లేత్ ఆగిపోయింది. స్వరూప తలెత్తి తండ్రికేసి చూసింది, కళ్ల నిండా నీళ్లతో, నోటి నిండా నవ్వుతో.

"నేర్పుతున్నడు," అంది. పిడిని పొట్టకి ఆనించుకుని మళ్లీ వంగింది.